విజిల్ ఊదేదాకా

పెళ్ళయిన నాలుగో రోజు పొద్దున్నే మా ఆయన నా మెడలో స్టాప్‌వాచీ వేశారు. సూత్రాలు ఇంకా కొత్తగా గుచ్చుకుంటూనే ఉన్నాయి, వాటిమీద నల్లతాడుతో ఈ గడియారం. "ఇయ్యాల్టి నుంచి టైము నీది, వనజా" అన్నారు. అద్దంలో చూసుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. టెక్కలి కాలేజీలో బీయస్సీ చదివిన మూడేళ్ళలో నన్నెవరూ కనీసం క్యారమ్స్‌కైనా పిలవలేదు. ఇప్పుడు ఏకంగా ఒక జట్టుకి టైమ్‌కీపర్ని.

అది 2003 ఏప్రిల్. ఈస్టరు వెళ్ళిన బుధవారం మా పెళ్ళి. ఇప్పుడు జనవరి. మందిరంలో నన్నింకా కొత్తకోడలనే పిలుస్తున్నారు.

మా ఆయన పేరు జయప్రకాష్. వజ్రపుకొత్తూరు మండలంలో, గాలి మళ్ళితే సముద్రం వినబడే ఊరు మా అత్తవారిది. అక్కడి మిషన్ హైస్కూల్లో ఆయన డ్రిల్లు మాష్టారు. వేసవి సెలవుల్లో ఆడపిల్లలకి హాకీ నేర్పుతారు. గ్రౌండంటే ఎర్ర ఇసక, చుట్టూ జీడితోట. ఆ వేసవికి పదిమంది పిల్లలు చేరారు. వాళ్ళలో నిస్సీ మా ఆడపడుచు, ఆయనకి ఒక్కగానొక్క చెల్లెలు. పదిహేనేళ్ళు. జూన్ మొదటి వారంలో విశాఖపట్నంలో రాష్ట్ర క్యాంపుకి సెలెక్షన్లు. అందులో నెగ్గితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, అక్కడే చదువు, తర్వాత రైల్వేలో ఉద్యోగం. ఈ వరసంతా ఆయన పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. నా వంట గురించి అడక్కుండా చెల్లెలి పాసుల గురించి చెప్పిన మనిషి నాకు అక్కడికక్కడే నచ్చేశారు.

"దానికి ఈ ఊరు వద్దు" అన్నారు ఆ రోజు. "ఈ నీళ్ళు దాటించీయాల."

మావగారు సత్యవేదం రెండేళ్ళ కిందట కిడ్నీలు పాడై పోయారు. ఆ వీధిలో అలా పోయినవాళ్ళు ఏడుగురు. నీళ్ళలో ఉందో, నేలలో ఉందో ఎవరూ తేల్చలేదు. మా ఆయన మాత్రం తేలేదాకా ఆగదలచుకోలేదు. చెల్లెల్ని ఊరు దాటించడానికి హాకీ కర్ర పట్టించారు.

ఆయన దగ్గర ఒక అట్టపుస్తకం ఉంది. అందరూ రష్యా పుస్తకం అంటారు. ట్రైనింగ్ కాలేజీలో ఆయనకి చెప్పిన లోకనాథం మాష్టారు ఎప్పుడో ఎనిమిది నెలలు మాస్కోలో ఉండి వచ్చారట. మంచుమీద ఆడే హాకీకి అక్కడ పిల్లల్ని ఎలా తయారుచేస్తారో చూసి రాసుకున్నారట. దాన్ని ఈయన అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకున్నారు. వేసవిలో మంచు ఉండదు కాబట్టి ఆ పిల్లలు నేలమీదే కండ పెంచుతారని, ఆటగాడు తయారయ్యేది వేసవిలోనేనని మొదటి పేజీలో ఉంది. ఐదుగుర్ని ఒక కట్టుగా కట్టి ఏళ్ళ తరబడి విడదీయకూడదు. బంతి ఎవరి దగ్గరా రెండు సెకన్లు మించి నిలవకూడదు. పాసు కుదిరేదాకా గోలు ఊసెత్తకూడదు. మొదటి నెల అసలు మాచే ఆడకూడదు. అలా పన్నెండు సూత్రాలు. పన్నెండోది, సాధన ముగిసి విజిల్ ఊదేదాకా నీళ్ళు లేవు.

కుండ కూడా నా వంతే. బోరు నీళ్ళంటే మా అత్త నయోమికి భయం. "ఆ నీల్లు ఎక్కువ తాక్కండర్రా" అని వచ్చిన ప్రతి పిల్లకీ చెప్పేది. అందుకని ఆయన టెక్కలి నుంచి టీవీయస్ బండిమీద రెండు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చేవారు. వాటిని కుండలో పోసి, మూతమీద గ్లాసు బోర్లించి, జీడిచెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర. పిల్లలు నడుముకి టైర్లు కట్టుకుని ఇసకలో పరిగెత్తేవాళ్ళు. ఒకళ్ళనొకళ్ళు వీపున మోసుకుని పరిగెత్తేవాళ్ళు. నేను బటన్ నొక్కి, సెకన్లు చదివి, ఆయన నావైపు తలూపితే ఆ రోజంతా తేలిపోయేదాన్ని. జీడిపండు వగరు, ఆయన చొక్కా జేబులో దొరికే ఇసక, ఉతికినకొద్దీ ఎర్రబడే నా తెల్లచీర అంచు, అన్నీ నాకు పండగే.

"వొదినా, ఆ గడియారం ఏసుకునే తొంగుంటన్నావేటి?" అనేది నిస్సీ. "అన్నాయ్ ఎంతసేపు గురకెడతన్నాడో రాసుకో. ఆ పుస్తకంలో పదమూడోది సేద్దాం."

మే మొదటి వారంలో డేవిడ్ దొరగారు వచ్చారు. అరవై దాటిన మనిషి. వాళ్ళ తాతగారు మిషనరీగా వచ్చి ఈ ఊళ్ళో మందుల గది నడిపినవారు. ఈయన టెక్కలిలో పుట్టి, పదకొండేళ్ళకి కెనడా వెళ్ళిపోయి, అక్కడ ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి మంచుహాకీ ఆడించారట. నానమ్మ సమాధి చూసుకుందామని వచ్చి, నెల్లాళ్ళు స్కూలు గదిలోనే దిగారు. "వందనాలండి" అన్నాను నేను, ఇంగ్లీషు వెతుక్కుంటూ.

"వందనాలమ్మా. నువ్వు డ్రిల్లు మాష్టారి పెల్లానివేటి? ఎండలో కూకున్నావు, నీడకి జరుగు" అన్నారాయన.

చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని పెంచిన ఆయమ్మ భాష అది, అరవయ్యేళ్ళొచ్చినా అలాగే ఉండిపోయింది. నిస్సీ అయితే కింద కూలబడి నవ్వింది. అప్పటిదాకా చెట్టుమీది జీడిపండ్లు రాల్చుతున్న పొడవాటి కర్ర దాని చేతిలోంచి జారింది. ఎప్పట్నుంచో స్కూలు స్టోరుగదిలో పడున్న కర్రలవి, మూడు. కింద బల్లపరుపుగా వంకర ఉంటుంది కనుక కొమ్మ లాగడానికి అందరికీ అవే.

దొరగారు ఆ కర్ర తీసుకుని చివర మసి తుడిచారు. కాల్చి వేసిన రెండక్షరాలు కనబడ్డాయి.

"ఓలమ్మో. ఇది మా అన్నది."

మంచుహాకీ కర్రలట. వాళ్ళ నాన్న మందస వడ్రంగి చేత చేయించారట. మంచు లేదు కాబట్టి కోతలైపోయిన మడుల్లో ఆడుకునేవాళ్ళట. ఆ కర్ర పట్టుకుని ఆయన ఇసకలో రాయిని అటూ ఇటూ తోస్తూ నాలుగడుగులు వేశారు. పిల్లలందరూ వెంటపడ్డారు. మా ఆయన విజిల్ ఊదారు. ఎవరూ ఆగలేదు.

అక్కడే మొదలైంది. "మాకాడ నేర్పడం ఏటీ లేదు మాష్టారూ" అన్నారు దొరగారు, మా అరుగుమీద టీ తాగుతూ. "సలికి సెరువు గడ్డకడతాది. పిల్లాగుంటలు ఎలిపోతారు. ఆడుకుంటారు. సీకటడితే అమ్మ కేకేత్తాది. ఆటే నేర్పుతాది."

"అందుకేనండి రష్యావాళ్ళ చేతిలో ఓడిపోయింది" అన్నారు మా ఆయన మర్యాదగానే.

"ఓడిపోనాం. గెలిసినాం కూడా" అని దొరగారు నవ్వారు. "నాకో ఐదుగుర్నియ్యండి. నెల్లాళ్ళు ఆడుకుంటాం."

మా ఆయన తన కట్టు ఐదుగుర్ని ఉంచుకుని మిగిలిన ఐదుగుర్ని ఇచ్చేశారు. పాసులు కుదరనివాళ్ళు, బంతి దొరికితే వదలనివాళ్ళు. వాళ్ళలో మొండిది భానుప్రియ. ఇక గ్రౌండులో ఆ చివర కేరింతలు, ఈ చివర నా సెకన్లు. ఆ చివర ఒక కుండ ఉండేది, మూత లేకుండా. బోరు నీళ్ళే. ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు ముంచుకుని, సగం తాగి సగం నెత్తిన పోసుకునేవాళ్ళు. భానుప్రియ గేదెలా తాగుతుందని నిస్సీ వెక్కిరించేది. వెక్కిరిస్తూనే అటు చూసేది.

ఒకరోజు దొరగారు నా కుండ దగ్గరికి వచ్చారు. ఆ ఏడు వడగాలికి మనుషులు పడిపోతున్నారని రోజూ పేపర్లో వస్తోంది.

"మాష్టారూ, గుంటలకి నీల్లియ్యరేటి?"

"మధ్యలో తాగితే కాళ్ళు బరువెక్కుతాయండి."

"మా సిన్నప్పుడు మాకూ అదే సెప్పినారు. తప్పని తెలిసి మానీసినాం. సానా ఏళ్ళయింది."

"మీది చలిదేశం దొరగారూ" అన్నారు మా ఆయన. "ఎండ సంగతి మాకు ఒకరు చెప్పాలా?"

దొరగారు తన చివరికి నడిచి వెళ్ళిపోయారు. మా ఆయన ఎంత బాగా జవాబిచ్చారు అనుకున్నాను నేను. ఇంటికి వెళ్ళేదాకా బండిమీద ఆయన నడుం పట్టుకుని ఆ మాటే రెండుసార్లు చెప్పించుకున్నాను.

మే నెల సగంలో నిస్సీ నన్ను పెరట్లోకి పిలిచింది. బట్టలు ఆరేస్తున్నట్టు తీగ పట్టుకుని, చుట్టూ చూసి, "ఒకటి సెప్తాను. అన్నాయికి సెప్పవు గదా?" అంది.

ఎవరైనా అబ్బాయి సంగతేమో అనుకుని సంబరపడ్డాను.

"ఒంటేలు ఎర్రగా వత్తంది వొదినా. డికాషన్ నాగ. నాలుగు రోజులయింది."

"మంటా?"

"లేదు. పొద్దున్న లేత్తే కల్లు ఉబ్బుతన్నాయి. అంతే."

"వేడి చేసిందే" అన్నాను. మా వైపు సగం జబ్బులకి ఆ రెండు మాటలు చాలు. మాడుకి ఆముదం పెట్టాను, సబ్జా గింజలు నానబెట్టి పంచదార వేసి ఇచ్చాను. గ్లాసు గడగడా తాగేసి, గింజలు వేలితో తీసుకుని తింది.

"అన్నాయికి తెలిత్తే కట్టులోంచి తీసీసి ఆ భానుని పెట్టీసుకుంటాడు. సెప్పకు. దేవుడి తోడు."

చెప్పలేదు. ఆడపడుచు నన్ను నమ్మింది, పెళ్ళయిన నెలకే. ఆ రహస్యాన్ని కొత్త గాజుల్లా చూసుకుని మురిసిపోయాను. బీయస్సీలో జువాలజీ ప్రాక్టికల్‌కి నెఫ్రాన్ బొమ్మ వేసి పదికి తొమ్మిది తెచ్చుకున్నదాన్ని. ఏది వడపోస్తుందో, ఏది వడపోయలేకపోతే ఏమవుతుందో రంగు పెన్సిళ్ళతో గుర్తులు పెట్టినదాన్ని. కానీ ఆ జబ్బు తోటల్లో పనిచేసే నలభయ్యేళ్ళ మగవాళ్ళదని ఊరంతా అనుకునేది. పదిహేనేళ్ళ పిల్లని చూసి నేనూ అదే అనుకున్నాను.

మే ఆఖరి శనివారం మాచి పెట్టారు. రష్యా ఐదుగురు, కెనడా ఐదుగురు. ఆ పేర్లు పెట్టింది నిస్సీయే. ఊరు ఊరంతా జీడిచెట్ల కింద చేరింది. మధ్యాహ్నం మూడింటి ఎండ. మధ్యలో విరామం వద్దన్నారు మా ఆయన. తన పిల్లలకి అక్కర్లేదని చూపించాలి కదా.

చూపించారు. మా ఐదుగురి మధ్య బంతి ఒక చేతి వేళ్ళమధ్య తిరిగినట్టు తిరిగింది. ఎవరూ ఎవర్నీ చూడకుండానే ఇచ్చుకునేవాళ్ళు. భానుప్రియ ఒక్కతే నలుగుర్ని తప్పించుకుని వచ్చి రెండు గోల్స్ కొట్టింది, కొట్టినప్పుడల్లా పిల్లిమొగ్గ వేసింది. మావి ఐదు. నేను గెంతుతున్నాను.

ఒకసారి బంతి తోటలోకి పోయింది. అది వెతికి తెచ్చేలోపు నిస్సీ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పెదాలు తెల్లగా ఉన్నాయి.

"ఒక్క గుక్క వొదినా."

నేను గ్లాసుమీద అరచెయ్యి పెట్టేశాను. "విజిల్ ఊదారేటే?" అన్నాను నవ్వుతూ.

అదీ నవ్వింది. నాలికతో పెదాలు తడుపుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత వరసగా రెండు గోల్స్ దానివే. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

ఏడు, రెండు. దొరగారు వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. "మీ గుంటలు గొప్పగా ఆడినారు మాష్టారూ. ఒక్కర్తీ నవ్వలేదు గానీ." మా ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నారు. నేనూను. ఆ సోమవారమే దొరగారు వెళ్ళిపోయారు. వాళ్ళ అన్న కర్ర మాత్రం నిస్సీకి ఇచ్చి వెళ్ళారు.

విశాఖపట్నానికి పలాస నుంచి ప్యాసింజర్లో వెళ్ళాం. ఆయన, నేను, నిస్సీ, భానుప్రియ. నేను మొదటిసారి సెలెక్షన్లు చూడడం. రెండు రోజుల ఆట. రెండో సాయంత్రం చదివిన జాబితాలో మొదటి పేరే నిస్సీ. ఆఖరి పేరు భానుప్రియ. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతమందిలో నా చెయ్యి పట్టుకున్నారు. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది, గుర్తొచ్చినందుకు సిగ్గేస్తుంది.

మర్నాడు డాక్టరు పరీక్ష. బీపీ చూసిన డాక్టరమ్మ మళ్ళీ చూసింది. మూడోసారి వేరే మిషన్‌తో చూసింది. ఒంటేలు పరీక్షకి పంపింది. తర్వాత రక్తానికి ఇంకో ఆస్పత్రికి పంపారు. ఆ సాయంత్రానికి ఒక కాగితం ఇచ్చారు. క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, నాలుగు పాయింటు రెండు. మావగారి కాగితాలు చూసిన కళ్ళు కదా, ఆయనకి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

"రోజుకి నీళ్ళు ఎన్ని తాగుతుంది?" అడిగారు పెద్ద డాక్టరుగారు.

మా ఆయన ఆ కాగితం మళ్ళీ మొదటినుంచి చదువుకున్నారు.

"ఎండలో ఎంతసేపు ఉంటుంది?"

"ఆరు గంటలండి" అన్నాను నేను. ఆయనకంటే లెక్క నాకే తెలుసు.

"ముందు గుర్తులేమైనా కనబడ్డాయా? ఉబ్బడం, రంగు మారడం?"

"మూడు వారాల నుంచి ఎర్రగా వస్తోందండి" అన్నాను. "నాకు చెప్పింది."

ఆయన నావైపు తిరిగారు. ఒక్కసారి చూసి, మళ్ళీ కాగితంలోకి చూశారు. నన్నేమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, ఇప్పటికీ అనలేదు.

"జబ్బు ముందే మొదలై ఉంటుంది" అన్నారు డాక్టరుగారు. "ఈ వేసవి ఎంత పెంచిందో చెప్పలేం."

చెప్పలేం. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చాం ఇంటికి. భానుప్రియ అక్కడే క్యాంపులో ఉండిపోయింది. స్టేషన్లో ఆయన రెండు నీళ్ళ సీసాలు కొని, మూతలు తీసి మరీ చెల్లెలి చేతిలో పెట్టారు. "దాహం లేదన్నాయ్" అంది నిస్సీ, కిటికీలోంచి చూస్తూ. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా ఆ రెండు సీసాలూ ఆయన ఒళ్ళోనే ఉన్నాయి.

ఇంట్లో అత్త ఏడవలేదు. భర్తతో ఒకసారి ఆ దారంతా నడిచిన మనిషి. కాసేపు కూతురి కాళ్ళు నొక్కి చూసింది. తర్వాత కొడుకుని ఒక్కటే అడిగింది.

"ఆ పుస్తకం ఏ దేశం ఎండకి రాసినారు నాయినా?"

ఆయన పుస్తకం చింపలేదు, కాల్చలేదు. ట్రంకుపెట్టెలో మావగారి ఆస్పత్రి కాగితాల పక్కన పెట్టారు. సెప్టెంబరు నుంచి మళ్ళీ పిల్లలకి నేర్పుతున్నారు. ఇప్పుడు ప్రతి పదిహేను నిమిషాలకీ విజిల్ ఊది నీళ్ళు తాగిస్తారు. తాగనివాళ్ళని తిడతారు. ఇంటికి వచ్చి నాతో బాగానే మాట్లాడతారు. పలాస వెళ్తే నాకిష్టమని సేమియా ఐసు తింటారు, నాకు తినిపిస్తారు. నేనూ తింటాను, బాగుంటుంది కూడా. స్టాప్‌వాచీ మాత్రం నన్ను మళ్ళీ అడగలేదు.

డిసెంబరుకి నిస్సీ కాళ్ళు బాగా ఉబ్బాయి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడం లేదన్నారు. ఇక నీళ్ళు కొలిచే ఇవ్వాలి. మందులతో కలిపి రోజుకి ముప్పావు లీటరు. అత్త చెయ్యి కొలతకి ఆగదు, కూతురు అడిగితే పోసేస్తుంది. ఆయన ఆ గ్లాసు ముట్టుకోరు. అందుకని కుండ మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. దాని మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

నిన్న కెనడా నుంచి ఉత్తరం వచ్చింది. దొరగారు వంకర అక్షరాలతో తెలుగులోనే రాశారు. నిస్సీ ఎలా ఉంది, గోల్స్ కొడుతోందా, మా అన్న కర్ర జాగ్రత్తగా ఉందా అని. లోపల ఒక ఫోటో. తెల్లటి మైదానం, దానిమీద రంగు టోపీల పిల్లలు, కర్రలు.

నిస్సీ దాన్ని చాలాసేపు చూసింది. "ఇదే ఆ సెరువా?"

"అవును. గడ్డకట్టింది."

"అంటే ఇదంతా నీల్లేనా?"

"నీళ్ళే."

"ఓలమ్మో. ఇన్ని నీల్లు కాల్లకింద ఎట్టుకుని ఆడతారేటి!" అని నవ్వింది. పెదాలు పగిలి ఉన్నాయి, నవ్వితే నొప్పి పుట్టి ఆపుకుంది. ఫోటో గుండెమీద పెట్టుకుని, "ఒక్క గుక్క వొదినా" అంది.

ఆ రోజు వంతు మధ్యాహ్నానికే అయిపోయింది. నేను గ్లాసుమీద చెయ్యి పెట్టాను.

అప్పుడే గ్రౌండు నుంచి విజిల్ వినబడింది, పొడుగ్గా. పిల్లలు నీళ్ళకి పరిగెత్తిన చప్పుడు కూడా.

"ఇన్నావా వొదినా?" అంది నిస్సీ. "అన్నాయ్ ఇజిలు ఊదీసినాడు. ఇప్పుడియ్యి."

నా చెయ్యి గ్లాసుమీదే ఉంది.